వెల్వెట్ జాకెట్‌కి కుడివైపు కాజాలు

“ఆగమ్మా, కొయ్యకు!” అని అరిచారామె.

నేను ఆగాను కానీ బ్లేడు ఆగలేదు. మూడో కాజా కూడా తెగింది.

కాజా అంటే గుండీ దూరే రంధ్రం. ముందు దాని చుట్టూ దారంతో దగ్గరగా కుట్టి, తర్వాత మధ్యలో బ్లేడు పెట్టి చీలుస్తాం. కుట్టు తప్పయితే విప్పుకోవచ్చు. పొడవు ఎక్కువైతే మడుచుకోవచ్చు. కాజా కోశాక మాత్రం చేసేదేమీ లేదు. అందుకే మా షాపులో కాజాలు కోసేటప్పుడు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అలాంటిది, ఫాల్ కుట్టించిన చీర తీసుకుపోదామని వచ్చిన కస్టమర్ కౌంటర్ మీదికి వంగి అరిస్తే ఎలా ఉంటుందో చూడండి!

“ఏమైంది మేడం? జర ఉంటే వేలు తెగుతుండె,” అన్నాను.

“వేలు బాగానే ఉంది. జాకెట్టే పాడైంది. కాజాలు అటు కాదమ్మా, కుడివైపు ఉండాలి.”

నాకు ఒళ్లు మండింది. పదిహేడో ఏట నుంచి మిషన్ మీద ఉన్నదాన్ని. నాకు ఈమె చెబుతుందా?

“ఇది జెంట్స్‌ది మేడం. మగోళ్లకు ఎడమ దిక్కే కాజాలు. ఆడోళ్లకు కుడి దిక్కు.”

“నేనూ అదే చెబుతున్నాను. అది ఆడదాని జాకెట్. నాది,” అన్నారామె.

ఇది రెండేళ్ల కిందటి మాట, వానాకాలంలో. నా పేరు రేణుక. మా నాన్న మహబూబ్‌నగర్ దిక్కు నుంచి సెంట్రింగ్ పనికి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండిపోయాడు. నేను పది పాసయ్యాను, ఇంటర్ మధ్యలో మానేసి చిక్కడపల్లి సందులో యాదగిరి మాస్టర్ దగ్గర చేరాను. మాది లేడీస్ టైలరింగ్. బ్లౌజులు, డ్రెస్సులు, ఫాల్, పికో. సందు మొహాన ఒక అద్దాల షోకేసు ఉంటుంది, అందులో ఒక ఆడ బొమ్మ. లైబ్రరీకి పోయే పరీక్షల పిల్లలు ఆ అద్దంలో తల దువ్వుకుని పోతుంటారు. అంతకు మించి మా షాపుకు పేరేమీ లేదు.

మాస్టర్ మాత్రం ఒకప్పుడు సూట్లు కత్తిరించిన మనిషి. ఆ సంగతి ఎవరో చెప్పగా సినిమావాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. వచ్చినతను ఫణి, కాస్ట్యూమ్ అసిస్టెంట్. అంటే ఏ సీనుకు ఎవరు ఏం తొడగాలో చూసే మనిషి. నెత్తిన కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో రెండు ఫోన్లతో తిరుగుతుంటాడు. “నిప్పుకోళ్ల మీద బయోపిక్ తీస్తున్నం మాస్టర్,” అన్నాడు. మాస్టర్ చేతిలో కత్తెర టేబుల్ మీద పడింది.

నిప్పుకోళ్లు అంటే నాకు నిజంగా పక్షులే అనిపించాయి. మాస్టర్ నన్ను చూసి తల కొట్టుకున్నాడు. అదొక రాక్ బ్యాండట. మా అమ్మకు పెళ్లి కాకముందు ఈ సందుల్లోంచే పుట్టిందట. తెలుగులో పాడేవాళ్లు, గిటార్లు ఉరిమేవట. ప్రతి కాలేజీ గ్రౌండులో వాళ్ల ప్రోగ్రామేనట. పాడేవాడు చందు. భుజాల దాకా జుట్టు, ఒంటి మీద కోటులాంటి మెరూన్ వెల్వెట్ జాకెట్. నలభై దాటకుండానే పోయాడు. మాస్టర్ ఇప్పటికీ బట్ట కత్తిరిస్తూ అతని పాటలే పాడుకుంటాడు. ఇన్నేళ్లూ నేను అవి భజనలనుకున్నాను.

ఆ వెల్వెట్ జాకెట్‌దే ఆర్డర్. మూడు పీసులు కావాలి. సినిమాకు ఒకే బట్ట మూడు కుట్టిస్తారు. ఒకటి తొడగడానికి, ఒకటి చెమట పట్టి తడిస్తే మార్చడానికి, ఒకటి వాన సీను కోసం. ఫణి ఒక పాత ఫొటో ఇచ్చాడు. చందు మైకు పట్టుకుని అరుస్తున్నాడు, వెనక డ్రమ్ములు. “ఇంటర్వెల్‌ల ఈ ఫొటోనే మళ్లీ తీస్తం. సేమ్ టు సేమ్ ఉండాలె,” అన్నాడు. మాస్టర్ ఫొటోను కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. కాజాలు కుడి పట్టీ మీద ఉన్నాయి. “ఫొటో ఉల్టా అచ్చు కొట్టిండ్రు. ఎడమ దిక్కు పెట్టు,” అన్నాడు.

నేను సరే అన్నాను. టైలర్లందరం ఇంతే. బట్ట ఎటో ఉంటే అలవాటు కొద్దీ మేమే సరిచేసేస్తాం, మనిషిని అడగం.

అలా సరిచేసిన జాకెట్ మీదే ఆ రోజు ఆమె అరిచారు.

ఆమె పేరు సుభద్రగారు. అశోక్‌నగర్‌లో ఉంటారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆంధ్రా దిక్కు మాట. అప్పటిదాకా నాకు ఆమె అంటే కాటన్ చీరలు, కొంచెం లూజు బ్లౌజులు, అంతే. కౌంటర్ మీదున్న ఫొటోను వేలితో నా వైపు తోశారు.

“వెనకాల డ్రమ్ము మీద ఏముందో చదువు.”

“నిప్పుకోళ్లు.”

“ఫొటో తిరగబడితే అక్షరాలు తిరగబడవూ?”

ఫొటో దగ్గరికి లాక్కున్నాను. వారం రోజులుగా అది నా కళ్ల ముందే ఉంది. జాకెట్ తప్ప ఇంకేదీ చూడలేదు నేను. అప్పుడు మళ్లీ చూస్తే ఛాతీ కింద రెండు సన్నటి గీతలు కూడా కనిపించాయి. ముడతలనుకున్నవి ముడతలు కావు, టక్స్. ఆడవాళ్ల ఒంటికి బట్ట ఒదగడానికి లోపలికి మడిచి కుట్టేవి.

“కోఠీలో వెల్వెట్ ముక్క కొని మా అమ్మ మిషన్ మీద నేనే కుట్టుకున్నాను,” అన్నారు సుభద్రగారు. “ఆ రోజు గ్రౌండులో వాన పడింది. చందు చొక్కా తడిసి ముద్దయింది, వణుకుతున్నాడు. నాది విప్పి ఇచ్చాను. అప్పుడే ఎవరో ఫొటో తీశారు. అది వారపత్రికలో పడింది. ఇంక తిరిగిస్తాడా? అడిగితే, ‘ఇంకోటి కుట్టుకో సుభా, నీకు వచ్చుగా’ అన్నాడు.”

“సరిపోయిందా మేడం ఆయనకు?”

“పుల్లలా ఉండేవాడు. నాకంటే వాడికే బాగుందన్నారు, వెధవలు,” అని నవ్వారు.

“మీరు గ్రౌండుకు పాటలు వినెటందుకు పోయిండ్రా?”

ఆమె నవ్వు ఆగిపోయింది. చీర కవరు అందుకోవడానికి చెయ్యి చాపారు. అప్పుడు చూశాను, ఎడమ చేతి వేళ్ల కొనలు. నాకు సూది పట్టీ పట్టీ కుడి చెయ్యి మొద్దుబారింది. ఆమెకు ఎడమ చేతి నాలుగు వేళ్లూ అలాగే ఉన్నాయి.

“లీడ్ గిటార్ నాదమ్మా. మొదటి రోజు నుంచి ఆఖరి షో దాకా,” అన్నారు.

మీరే చెప్పండి, నేనేం చేయాలి? నోరు ఊరుకోదు కదా నాకు. “అయితే మస్తు మేడం, సినిమాల మీరు గూడ ఉంటరు!” అన్నాను.

“ఉంటాను. టీ గ్లాసులు పట్టుకుని.”

సినిమావాళ్లు ఆమె ఇంటికి వచ్చారట. రెండు రోజులు కూర్చుని అంతా రాసుకున్నారట. తర్వాత సంతకం పెట్టమని ఒక కాగితం తెస్తే, అందులో ఆమె ప్రాక్టీసు గదిలో టీ ఇచ్చే పిల్ల. చందు మీద మనసుపడి ఏడ్చే పిల్ల. గిటార్ ఇంకెవరో అబ్బాయి చేతిలో ఉంది. సంతకం పెట్టనన్నారు. వాళ్లు మళ్లీ రాలేదు.

“ఇంకేం మేడం, సంతకం లేదుగద. తీసేసి ఉంటరు,” అన్నాను.

అంటూనే నాకు ఒకటి గుర్తొచ్చింది. ఫణి మాకు ఒక చార్టు ఇచ్చాడు. కంటిన్యుటీ చార్టు అంటారు. ఏ సీనులో ఏ పాత్రకు ఏ బట్ట అని వరసగా ఉంటుంది, సీను మధ్యలో చొక్కా రంగు మారిపోకుండా. తీసి చూశాను. ‘శోభ: లంగా ఓణీలు నాలుగు. చేతిలో టీ ట్రే.’ దాని కింద, ‘లీడ్ గిటార్, ఆనంద్: జీన్స్, నల్ల చొక్కా.’

సుభ పోయి శోభ అయింది. అంతే మార్చారు.

సుభద్రగారు కళ్లద్దాలు పెట్టుకుని ఆ లైను రెండుసార్లు చదివారు. ఏడుస్తారేమోనని నేను స్టూలు జరిపాను. ఏడవలేదు.

“నాకు టీ పెట్టడం ఇప్పటికీ సరిగ్గా రాదు. మా ఆయన్ని అడుగు,” అన్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: “మా పాటలు ఇప్పుడు ఎవరికీ సరిగ్గా దొరకవు. నేను పోయాక ఈ సినిమానే మిగులుతుంది రేణుకా. అందులో నేను గిటార్ ముట్టుకోను.”

మర్నాడు ఆమె మళ్లీ వచ్చి ఒక చిన్న ఫొటో ఇచ్చి వెళ్లారు. నారాయణగూడలో స్టూడియోలో దిగిందట. రెండు జడల అమ్మాయి, ఆ జాకెట్టే తొడుక్కుని, ఒళ్లో గిటార్. గుండీలన్నీ పెట్టుకుంది. కాజాలు కుడి పట్టీ మీదే.

ఫొటో మాస్టర్ ముందు పెట్టి మొత్తం చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

“అంటే ఏందే, చందు ఆడపిల్ల జాకెట్ కొట్టేసిండా? నీకేం ఎరుక చందు గురించి? నిన్న మొన్నటిదాంక పక్షులనుకున్నవ్!”

“నాకు చందు గురించి ఎరుక లేదు మాస్టర్. కాజా గురించి ఎరుక.”

“సినిమా ఆర్డరే ఇది. సందు మొత్తం చెప్పుకున్న. నువ్వు నోరు మూసుకుని కుట్టు.”

నేను నోరు మూసుకున్నాను కానీ మిషన్ మీద కూర్చోలేదు. ఆయన కాసేపు రుసరుసలాడాడు. ఫొటో చేతిలోకి తీసుకున్నాడు, పెట్టాడు, మళ్లీ తీసుకున్నాడు. సుభద్రగారికి ఎన్నేళ్లుగా బ్లౌజులు కత్తిరిస్తున్నాడో ఆయన. గ్రౌండులో దూరం నుంచి చందును తప్ప ఎవర్నీ చూడలేదేమో కానీ, ఆ భుజం వాలు ఆయనకు తెలియదా?

“రెండో పీసుకు కుడి దిక్కు పెట్టు. టక్స్ గూడ పెట్టు. రెండూ తీస్కపోదాం. వాళ్లే చెప్తరు ఏది కావాల్నో,” అన్నాడు చివరికి. ఆ రోజు పాటలు పాడలేదు.

ట్రయల్ నారాయణగూడలో ఒక పాత ఇంట్లో. బ్యాండు ప్రాక్టీసు గది సెట్టు అక్కడే వేశారు. పొద్దున పదకొండింటికి వెళ్లాం. హీరో చేతులు చాపి నిలబడితే మాస్టర్ రెండో జాకెట్ తొడిగాడు. హీరో గుండీలు పెట్టుకోబోయి తడబడ్డాడు.

“ఏంది భయ్, చెయ్యి తిరుగుతలే. అంతా ఉల్టా ఉంది,” అన్నాడు.

డైరెక్టర్ వచ్చి చూశారు. “ఇదేంటి, రివర్స్ కుట్టారు?”

“రివర్స్ కాదు సార్, ఫొటోల ఉన్నట్టే. డ్రమ్ము మీద అక్షరాలు చూడుండ్రి,” అన్నాను.

ఆయన ఫొటో చూశారు, జాకెట్ చూశారు, మొహం విప్పారింది. “వావ్. ఇది ఎవరు పట్టుకున్నారు?”

“మన టీమే సార్,” అన్నాడు ఫణి, నేను పక్కనే నిలబడి ఉండగా.

అక్కడితో ఊరుకుని ఉంటే మా షాపుకు ఇంకో పది ఆర్డర్లు వచ్చేవేమో. నా చేతి సంచిలో స్టూడియో ఫొటో ఉంది. తీసి డైరెక్టర్ చేతిలో పెట్టాను. “ఫొటోల కుడి దిక్కు ఎందుకుందో గూడ చెప్తాను సార్. ఇది ఆడోళ్ల జాకెట్. మీ లీడ్ గిటారిస్టుది.”

ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. ఫొటోను పూర్తిగా చూడకుండానే తిరిగి ఇచ్చేశారు.

“సుభద్రగారు పంపారా నిన్ను?”

“ఎవరూ పంపలే సార్. అంటే… మీకు తెలుసా?”

“చూడమ్మా,” అన్నారు, చిన్నపిల్లకు చెప్పినట్టు. “రైట్స్ ఇచ్చింది చందుగారి ఫ్యామిలీ. వాళ్లు ఒప్పుకున్న కథే తీయగలం. జనం చందు కోసం వస్తారు. గిటార్ ఎవరు వాయించారని రారు.”

“మరి టీ ఇచ్చే పిల్ల కోసం వస్తరా సార్?”

వెనక లైట్లు కట్టే అన్న ఒకతను కిసుక్కున నవ్వాడు. నవ్వకపోతే బాగుండేది. డైరెక్టర్ మొహం బిగుసుకుంది. ఫణి వైపు తిరిగి, “మామూలు జెంట్స్ సైడే పెట్టించు. మూడూ. మనకెందుకు లేనిపోని ప్రశ్నలు,” అన్నారు.

“విన్నవ్ గద అక్కా,” అన్నాడు ఫణి. “ఫస్ట్ పీస్ ఓకే. మిగతా రెండు గట్లనే కుట్టు.”

“నేను కుట్టను.”

“ఏంది?”

“కుట్టనన్న. తప్పని తెలిసినంక ఎట్ల కుడత? తెలవకముందు ఒకటి కుట్టిన, అదే పాపం చాలు.”

స్టూడియో ఫొటో మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాను. ఫణి మాస్టర్ మీద పడ్డాడు. “ఏంది మాస్టర్ ఇది? మీ పిల్లకు చెప్పుకోరా? మీరన్నా కుట్టుండ్రి.”

మాస్టర్ ఇంతసేపూ హీరో జబ్బ కొలుస్తూ ఉన్నాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

“కుట్టేది ఆమెనే సాబ్. నాకు చూపు ఆనుతలేదు,” అన్నాడు.

పొద్దున్నే సూదిలో దారం ఒక్క దెబ్బకు ఎక్కించిన మనిషి!

ఆర్డర్ పోయింది. మొదటి జాకెట్ వాళ్లు ఉంచుకున్నారు. రెండోది ఫణి నా భుజం మీదికి విసిరి, “ఇది మాకేం పనికొస్తది, మీరే ఉంచుకోండి,” అన్నాడు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచే వచ్చాం. మాస్టర్ నాకంటే పది అడుగులు ముందే నడిచాడు. రేపటి నుంచి రావద్దంటాడేమో అనుకుంటూ నడిచాను.

ఆ సాయంత్రం ఫొటో తిరిగిద్దామని అశోక్‌నగర్ వెళ్లాను. కింద హాస్టల్, పైన సుభద్రగారి ఇల్లు. జరిగింది చెబితే ముందు నా మీదే కోపం చేశారు.

“నిన్నెవరు అడగమన్నారు? వాళ్లను బతిమాలడానికి నేను వెళ్లలేనా?”

“బతిమాలలే మేడం. కొట్లాడిన.”

“ఏమన్నావు?” అని అడిగారు. టీ ఇచ్చే పిల్ల మాట చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ఈసారి లోపలి గదిలోంచి వాళ్లాయన కూడా నవ్వడం వినిపించింది.

అప్పుడు, ఈ ఫొటో మా షాపులో పెట్టుకోవచ్చా అని అడిగాను. వద్దంటారనుకున్నాను. ఆమె ఫొటో తీసుకోకుండా నా చేతిలోనే ఉంచి, వేళ్లు మూశారు.

“పెద్దది చేయించు,” అన్నారు. “చిన్నదైతే నేనూ ఎవరో అభిమానిననుకుంటారు.”

ఈ జాకెట్ నేర్పింది నాకు ఇప్పటికీ రోజూ పనికొస్తుంది. ఎవరైనా ఫొటో తెచ్చి ‘ఇలాగే కుట్టు’ అంటే, ముందు ‘ఇది ఎవరి ఒంటికి కుట్టింది?’ అని అడుగుతాను. బట్ట తేడాగా కనిపిస్తే తప్పు అనుకుని సరిచేయను. అలా సరిచేస్తూ పోతే, ఆ బట్టలో ఉన్న మనిషిని మనమే చెరిపేస్తాం. నేను మూడు కాజాలు కోసి మరీ తెలుసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అశోక్‌నగర్‌లో, పిల్లలు పరీక్షల నోట్సు తీయించుకునే జిరాక్స్ షాపు తెరవగానే నిలబడ్డాను. స్టూడియో ఫొటోను వాళ్ల దగ్గరున్న అన్నిటికంటే పెద్ద కాగితం మీద తీయించాను. షాపు తాళం నా దగ్గరే ఉంటుంది. తెరిచి, షోకేసులో బొమ్మకున్న పట్టుచీర విప్పేసి, వెల్వెట్ జాకెట్ తొడిగాను. హీరో కొలత కదా, బొమ్మకు లూజైంది. వెనక నుంచి పిన్నులు పెట్టి బిగించాను. కుడి పట్టీ పైకి వచ్చేలా మూడు గుండీలూ పెట్టాను. పక్కన ఫొటో అతికించి, కింద అట్ట మీద మార్కర్‌తో రాశాను: ‘ఈ జాకెట్ కుట్టుకున్నది, నిప్పుకోళ్లలో లీడ్ గిటార్ వాయించింది సుభద్రగారు. అశోక్‌నగర్. అనుమానం ఉంటే లోపలికి వచ్చి అడగండి.’

మాస్టర్ బండి సందులో ఆగింది. హెల్మెట్ తీయకుండానే అద్దం ముందు నిలబడి మొత్తం చదివాడు. లైబ్రరీకి పోతున్న ఇద్దరు అమ్మాయిలు కూడా ఆయన పక్కన ఆగారు. నేను లోపల నుంచి చూస్తున్నాను.

ఆయన లోపలికి వచ్చాడు. “ఏందే ఇది?”

“బొమ్మ మాస్టర్.”

“ఆ మూలకు పెడితే ఎవరికి కనపడతది? మెయిన్ రోడ్డు మీదికెళ్లి పోయేటోళ్లకు కనపడాలె. ముందుకు జరుపు.”

రెండు చేతులతో బొమ్మ నడుం పట్టుకుని, అద్దానికి ఆనేదాకా ముందుకు జరిపాను.